కొమ్ము విరిగిన కప్ప

మా ఇంట్లో ఒక అల్లుడుగారు ఉన్నారు. ముందుగదిలో, గాజు పెట్టెలో, తడి కొబ్బరిపీచు పొట్టులో నడుము దాకా కూరుకుని కూర్చుంటారు. కదలరు, మెదలరు. వేళకి నోటికి అందించాలి. అందించేటప్పుడు ఏమరుపాటుగా ఉంటే వేలు పట్టుకుంటారు. తిన్నాక మళ్లీ అదే మొహం, మీరు నాకు చేసిందేముంది అన్నట్టు. దాన్ని కొమ్ముల కప్ప అంటారు. కొమ్ములంటే నిజం కొమ్ములు కావు, కంటిరెప్పల మీద మొనదేలి లేచిన కండ. ఒళ్లంతా ఆకుపచ్చ, దాని మీద ఇటుక రంగు మచ్చలు. గుప్పిట కంటే కాస్త పెద్దది, అందులో సగం నోరే.

మా అమ్మాయి దానికి గుమ్మడి అని పేరు పెట్టింది. అల్లుడుగారు అన్నది నా మాట. మా అమ్మాయికి ఇంకా పదిహేనే కాబట్టి నిజం అల్లుడు రావడానికి చాలా కాలం ఉంది. వచ్చినా ఇంతకంటే ఎక్కువ కదులుతాడని నాకు నమ్మకం లేదు.

కప్పని కొన్నది వాళ్ల నాన్న. అప్పట్లో మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం, అంటే ఒకే ఇంట్లో పోట్లాడుకునేవాళ్లం. అరుపులు పెరిగేకొద్దీ పిల్లకి బహుమతులు పెరిగాయి. అది కుక్కపిల్ల కావాలని అడిగితే ఆయన కప్పని తెచ్చాడు. కుక్కయితే పొద్దున్నే లేచి బయట తిప్పాలి, అది నాన్నల పని అవుతుంది. కప్పకైతే అమ్మ చాలు.

"నోరు తప్ప ఇంకేమీ లేదు దీనికి. నన్ను చూసి కొన్నావా?" అని అడిగాను.

"నువ్వే అన్నావు, నేననలేదు," అన్నాడు ఆయన, పిల్లకి కన్నుకొడుతూ. అదీ నవ్వింది. వాళ్లిద్దరూ ఒక జట్టని నాకు ఆ రోజే తెలియాల్సింది.

విడిపోయేటప్పుడు కోర్టులో ఒకావిడ మా అమ్మాయిని పక్కగదిలోకి తీసుకెళ్లి, ఎవరి దగ్గర ఉంటావని అడిగింది. నాన్న దగ్గర అని చెప్పింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. రోజంతా కట్టుడు పళ్లు చేసే చోట ప్లాస్టర్ దుమ్ములో నిలబడి, ఇంటికొచ్చి హోంవర్క్ చూసి, పళ్లు తోముకోమని, ఫోను పక్కన పెట్టమని అరిచింది నేను. సినిమాలకి తిప్పింది ఆయన. పిల్ల ఎవరిని కోరుకుంటుందో చెప్పడానికి కోర్టు అక్కర్లేదు.

ఆయన తీసుకున్న అద్దె ఇంట్లో జంతువుల్ని పెంచకూడదట. అందుకని బట్టలు, పుస్తకాలు, దిండుతో సహా అన్నీ వెళ్లాయి, కప్ప మాత్రం ఉండిపోయింది. గుమ్మం దగ్గర మా అమ్మాయి వెనక్కి తిరిగి, "ప్రతి ఆదివారం వస్తానమ్మా, గుమ్మడిని చూడ్డానికి," అంది.

నన్ను చూడ్డానికి అనలేదు. నేనూ అడగలేదు. కానీ ఆ మాటతో నాకు లెక్క తెలిసిపోయింది. కప్ప ఉన్నంత కాలం ఆదివారం ఉంటుంది. కప్ప పోతే ఆదివారం పోతుంది.

ఇక చూడండి నా సేవ. కుళాయి నీళ్లలో కలిపే మందు కప్ప చర్మానికి పడదు, కాబట్టి నీళ్లు ముందురోజే బకెట్లో పట్టి ఉంచాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ నీళ్లు పొట్టు మీద చల్లాలి. పిండితే చెయ్యి తడవాలి, చుక్క మాత్రం కారకూడదు. చలిగా ఉంటే పెట్టె పక్కన వేడి పట్టీ పెట్టాలి. వానపాముల్ని కడిగి, మా పనిచోట మైనం పళ్లు అమర్చే పొడుగు పట్టకారుతో పట్టుకుని మూతి ముందు ఆడించాలి. అది దూకి లటుక్కున అందుకుంటుంది. ఎక్కువ పెడితే కొవ్వెక్కి చస్తుంది, తక్కువ పెడితే బక్కచిక్కి చస్తుంది. ఇంకో కప్పని తోడు పెడదామంటే, పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. నా కడుపున పుట్టినదాన్ని నేనింత శ్రద్ధగా చూశానో లేదో గుర్తు లేదు. చూసి ఉంటే ఆ కోర్టు గదిలో జవాబు వేరేలా ఉండేదేమో అనిపించి, ఆ రోజంతా కప్ప మీద కసిరేదాన్ని.

ఆదివారాలు మా అమ్మాయి వచ్చేది. చెప్పులు విప్పీ విప్పకముందే గాజు పెట్టె ముందు గొంతుక్కూర్చునేది. నాకు వీపు మాత్రం కనిపించేది, ఆ వీపుతోనే కబుర్లు చెప్పుకునేదాన్ని.

"బడిలో ఎలా ఉంది?"

"బాగుంది."

"ఏం తింటున్నావు?"

"అన్నీ తింటున్నా."

"జడ ఎవరు వేశారు? ఇంత నున్నగా ఎప్పుడూ రాదే."

"ఆంటీ."

ఆంటీ అంటే ఎవరో నాకు తెలుసు. మేం విడిపోకముందే ఆయనకి తెలిసినావిడ. నేను మళ్లీ జడ ఊసెత్తలేదు.

ఒక ఆదివారం పెట్టె మూత మా అమ్మాయి చేతిలోంచి జారి కప్ప ఎడమ కొమ్ము మీద పడింది. కొస తెగిపోయింది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. నా భుజం మీద పడి, సాయంత్రం దాకా వెక్కిళ్లు పెట్టింది. నేను తల నిమురుతూ, ఏం కాదులే, మానిపోతుంది అంటూ, ఆ కప్పకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కూతురు నా భుజం మీద ఏడ్చి ఎంతకాలమైందో. గాయం మానింది. కొస మాత్రం మళ్లీ రాలేదు. ఎడమ కొమ్ము మొండిగా మిగిలింది.

ఇలా నడుస్తుండగా నా పిత్తాశయంలో రాళ్లు తేలాయి. ఆపరేషన్ అన్నారు. ఆ తర్వాత కుట్లలో చీము పట్టి, చాలా వారాలు మా అక్క వాళ్లింట్లోనే పడి ఉండాల్సి వచ్చింది. ఇంటి తాళంచెవి అక్క చేతికిచ్చి, కప్ప సంగతి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మా అక్క బల్లిని చూస్తే మంచమెక్కే మనిషి. అయినా ఊఁ కొట్టింది.

"నీళ్లు చల్లుతున్నావా?" అని రోజూ అడిగేదాన్ని.

"చల్లుతున్నానే తల్లీ. నీ ఒంటి సంగతి చూసుకో ముందు."

మా అమ్మాయి అక్కడికి ఒక్కసారి వచ్చింది. మంచం పక్కన కాసేపు కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "గుమ్మడికి తిండి ఎవరు పెడుతున్నారు?" అని అడిగింది. పెద్దమ్మ చూసుకుంటోందని చెప్పాను. హమ్మయ్య అంది. పరీక్షలున్నాయని మళ్లీ రాలేదు.

చివరికి ఒక శుక్రవారం ఇంటికొచ్చాను. కుట్లు లాగుతున్నా ముందు గాజు పెట్టె దగ్గరికే వెళ్లాను. దాని మీద దుప్పటి కప్పి ఉంది. తీసి చూస్తే పొట్టు ఎండి పొడిపొడిగా ఉంది. చేత్తో తవ్వితే అడుగున ఒక ఉండ తగిలింది. గట్టిగా, మాసిన రంగులో, పైన ఎండిన కాగితంలాంటి పొర చుట్టుకుని ఉంది. కళ్లూ నోరూ ఆ పొర కిందే మూసుకుపోయాయి. పట్టకారుతో పొడిచాను, తిప్పాను, చెవి దగ్గర పెట్టుకున్నాను. రాయిని పెట్టుకున్నట్టే ఉంది.

అక్కకి ఫోన్ చేశాను. మొదట చల్లాననే అంది. తర్వాత నీళ్లు నమిలింది. చివరికి, "అది నా వంక గుడ్లు మిటకరించి చూస్తుంటే మూత తీయడానికి చేతులు ఆడలేదే. దుప్పటి కప్పేశాను. పోతే పోయిందిలే, కప్పే కదా," అంది.

నా ఒళ్లు మండిపోయింది. అక్కని అనరాని మాటలు అన్నాను. వారాల తరబడి నాకు అన్నం వండిపెట్టిన మనిషి అని కూడా చూడలేదు. అక్క ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. ఎంత తిట్టినా ఆదివారం ఎల్లుండే.

బాల్కనీలో మొక్క చచ్చిపోయిన కుండీ ఒకటి ఉంది. అందులో గొయ్యి తీసి ఆ ఉండని పూడ్చిపెట్టాను. తర్వాత నా పని నేను మొదలుపెట్టాను.

నా పని అంటే లేని పన్ను చోట ఉన్నట్టు కనిపించేది పెట్టడం. పక్కపన్ను రంగు, దాని మీద గీత, చిగుళ్ల ఎరుపు, అన్నీ చూసి అచ్చం అలాంటిది చేస్తాను. కట్టించుకున్నవాడి పెళ్లాం కూడా ఏది పెట్టుడుదో చెప్పలేదు. డాక్టర్లు నా చేతి పనే కావాలని అడిగి పంపుతారు. కాబట్టి భయపడటం మానేసి, కప్ప ఫోటోలు ఫోన్లో తీసి ముందు పెట్టుకుని, రంగు మైనం కరిగించి మూడు బిళ్లలు పోశాను. ఒకటి వీపు పచ్చ, ఒకటి మచ్చల ఇటుక రంగు, ఒకటి గొంతు కింద ఉండే మీగడ రంగు. వాటిని రుమాల్లో చుట్టుకుని, పొట్ట పట్టుకుని, పెంపుడు జంతువుల షాపుకి వెళ్లాను.

షాపువాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఉన్న కప్పలన్నిటి పక్కనా బిళ్లలు పెట్టి చూశాను. ఒకటి దొరికింది. పచ్చ కలిసింది, ఇటుక రంగు కలిసింది, కుడి తొడ మీద మచ్చ కూడా ఇంచుమించు అదే ఆకారం. వయసులో కాస్త చిన్నది, అయినా ఒళ్లు అంతే ఉంది. కొమ్ములే రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

శనివారమంతా ఆ కొమ్ము వంకే చూస్తూ గడిపాను. నా సంచిలో మైనం చెక్కే బ్లేడు ఉంది. ఒక్క గాటు చాలు. బ్లేడు తీసి చేత్తో పట్టుకున్నాను కూడా. కప్ప నా వంక చూసింది. చెయ్యలేకపోయాను. దయ కలిగి కాదు, ఆ పచ్చి గాయం రేపటికి మానదని, దొరికిపోతానని.

ఆదివారం గంట మోగింది. మా అమ్మాయి వచ్చింది, చెప్పులు విప్పింది, పెట్టె ముందు కూర్చుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఇదిగో ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకుంటున్నాను. అడిగితే ఏం చెప్పాలో రాత్రే కూడబలుక్కున్నాను. కొమ్ము మళ్లీ పెరిగిందని చెప్పాలి. కొన్ని కప్పలకి పెరుగుతుందట అనాలి.

"ఓయ్, గుమ్మడీ," అంది అది. పట్టకారుతో వానపాముని ఆడించింది. కప్ప దూకి అందుకుంది. "భలే హుషారుగా ఉన్నాడమ్మా. పెద్దమ్మ బాగానే చూసుకున్నట్టుంది."

అంతే. ఫోన్ తీసి రెండు ఫోటోలు తీసింది, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఆ ఫోన్లోనే ఉండిపోయింది. నాకు బయటపడ్డానన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నా చేతి పని పెళ్లాలే కనిపెట్టలేరని గర్వపడేదాన్ని. తీరా ఆ రోజు కనిపెడితే బాగుండుననిపించింది. తను విరగ్గొట్టి, తనే సాయంత్రం దాకా ఏడ్చిన కొమ్ము అది. అది ఉందో లేదో చూడలేదు.

ఆ వారం వాన పట్టుకుంది. పట్టింది పట్టినట్టు వదల్లేదు. బాల్కనీలోకి జల్లు కొట్టి బట్టలన్నీ ముక్కవాసన వేస్తుంటే, ఒక పొద్దున తీగ మీద బట్టలు తీద్దామని వెళ్లాను. కుండీలో బురద కదిలింది. ఎలుక అనుకుని చీపురు తీశాను. బురదలోంచి ముందు ఒక కన్ను వచ్చింది, తర్వాత ఇంకోటి. తర్వాత అల్లుడుగారు మొత్తంగా వచ్చి, ఒంటి మీది ఎండు పొరని రెండు చేతులతో నోట్లోకి తోసుకుంటూ, తడిచొక్కా విప్పుకుంటున్న మనిషిలా మెలికలు తిరిగారు. ఎడమ కొమ్ము మొండిగా ఉంది.

చీపురు పక్కన పడేశాను. అక్కడే తడిలో కూర్చుని దాన్ని దోసిట్లోకి తీసుకున్నాను. తర్వాత పెంపుడు జంతువుల డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. నీళ్లు లేకపోతే అది ఒంటి మీద పొర కట్టుకుని, మట్టిలో దూరి, తడి తగిలేదాకా నెలలు పడుకుంటుందట. చావలేదట. నేనే బతికుండగా పూడ్చిపెట్టాను. లోతు లేని గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోస్తే లేచి కూర్చునేది. దాని ప్రతి ముద్దా చూసుకున్నదాన్ని, ఆ ఒక్క సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

దాన్ని ప్లాస్టిక్ తొట్టిలో తడి పొట్టు పోసి ఉంచాను. బక్కచిక్కిపోయింది, తొడలు వేలాడుతున్నాయి. రెండిటినీ ఒకచోట పెట్టడానికి లేదు. లావుది బక్కదాన్ని మింగేస్తుంది. గాజు పెట్టె ఒకటే ఉంది. గుమ్మడిని మళ్లీ దాని చోట పెట్టి, షాపుదాన్ని తొట్టిలోకి మార్చడం న్యాయం. మార్చలేదు. తొట్టిని తీసుకెళ్లి ముందుగదిలో, మా అమ్మాయి కూర్చునే చోటికి ఎదురుగా, బల్ల మీద పెట్టాను. ఎవరైనా పిల్లకి పరీక్ష పెడుతున్నావా అని అడిగితే, అవునని చెప్పేదాన్ని.

ఆదివారం వచ్చింది. తొట్టిని చూసి ఆగింది.

"ఇదేంటి, ఇంకోటి కొన్నావా?"

"చూడు," అన్నాను.

వంగి చూసింది. బాగా దగ్గరగా చూసింది. ఇప్పుడు, అనుకున్నాను. "అయ్యో, దీని కొమ్ము విరిగిందే. ఎంత బక్కగా ఉంది. షాపువాడు నిన్ను మోసం చేశాడమ్మా, చవగ్గా వదిలించుకున్నాడు. మన గుమ్మడే బాగున్నాడు."

తొట్టిలోదాన్ని వేలితో చూపించాను. "అదే మన గుమ్మడి," అన్నాను. "పెట్టెలోది కాదు. ఆ కొమ్ము విరగ్గొట్టింది నువ్వే. మర్చిపోయావా?"

అన్నీ చెప్పాను. పెద్దమ్మ దుప్పటి, కుండీ, మైనం బిళ్లలు, వాన. అది నోరు తెరుచుకుని విన్నది. కోప్పడుతుందనుకున్నాను. బతికుండగా పూడ్చావా అని ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే భుజం ఇద్దామని దగ్గరికి జరిగాను కూడా.

అది నవ్వింది. "నిజంగానా? నాకు తేడానే తెలీలేదు. అంత కరెక్టుగా ఎలా వెతికావమ్మా, నువ్వు సూపర్," అని, పెట్టెలోకీ తొట్టిలోకీ చూసి, "పోనీలే. ఏదైతే ఏంటి, రెండూ ఒకటేగా," అంది.

అప్పుడే ఫోన్ మోగింది. అది తొట్టి వంక చూస్తూనే ఎత్తింది. "ఆఁ అమ్మా. ఇక్కడే ఉన్నా. ఇంకో పావుగంటలో బయల్దేరతా."

ఫోన్ పెట్టేసింది. దాని మొహం ఎర్రబడింది. జడ ముందుకి లాక్కుంది. ఆ జడ నున్నగా, ఒక్క వెంట్రుక కూడా లేవకుండా ఉంది.

"ఆవిడే అలా పిలవమంది. అలవాటైపోయింది," అంది మెల్లగా.

"తప్పేముంది," అన్నాను. ఎంత మామూలుగా అన్నానో నాకే ఆశ్చర్యమేసింది. లోపల మాత్రం, ఇన్నేళ్లూ నీ జడలు నేను వేశానే, చిక్కులు తీస్తుంటే అరిచేదానివే, ఏదైతే ఏంటి అంటావా అని అరవాలని ఉంది. అరిచే అమ్మ వద్దనే కదా వెళ్లింది అని గుర్తొచ్చి, దాని కోసం తెరిచిన బిస్కెట్ల డబ్బాకి మూత పెట్టాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "వచ్చే ఆదివారం కుదరదమ్మా. మేం ముగ్గురం బయటికెళ్తున్నాం. ఆ తర్వాత ట్యూషన్ కూడా ఆదివారానికి మార్చారు. వీలైనప్పుడు వస్తాలే. గుమ్మడి ఫోటోలు పంపుతూ ఉండు," అంది.

"ఏ గుమ్మడివి?"

"ఏదైనా పర్లేదు," అంది. చెయ్యి ఊపి మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం రెండిటికీ నీళ్లు చల్లాను. ఫోటో తీద్దామని ఫోన్ పట్టుకుని, తీయకుండా, పాత ఫోటోల్లోకి వెళ్లాను. కప్పని తెచ్చిన కొత్తల్లోది ఒకటి దొరికింది. రెండు కొమ్ములూ ఉన్నాయి. గాజు మీద ఆనించిన చిన్న చెయ్యి కూడా ఉంది, గోళ్లకి ఊడిపోయిన రంగుతో. ఆ చెయ్యి ఎవరిదో పంపిన వెంటనే తెలుస్తుందనుకున్నాను. పంపాను. నిమిషం కాకుండానే ఎర్ర గుండె బొమ్మ వచ్చింది, దాని కింద, "ఈరోజు భలే ఉన్నాడు."

ఫోన్ బల్ల మీద బోర్లించాను. గాజు పెట్టెలోది నోరు ఆవలించి చూస్తోంది. తొట్టిలోది ఇంకా నీరసంగా, మొండి కొమ్ముతో, పొట్టులో కూరుకుని ఉంది. ఏది అసలుదో తెలిసినదాన్ని ఈ ఇంటికి నేనొక్కదాన్నే మిగిలాను. షాపుదాన్ని ఒక గిన్నెలోకి తీసి, గుమ్మడిని దాని పెట్టెలో పెట్టి, ఖాళీ అయిన తొట్టిలో షాపుదాన్ని వేశాను. పట్టకారు కడిగి, ముందు గుమ్మడికి తినిపించాను.